పది తప్పిన బి.ఏ.

విడపనకల్లు,
12 జూలై 1998

సరళా,

నీ కార్డు మొన్న అందింది. "డిగ్రీ చదువుదామా వదినా" అన్న ముక్క చదివి స్టూలు మీద కూర్చుని గట్టిగా నవ్వాను. మీ సోమప్పన్న పోయి ఏడాదిన్నర అయింది. ఇంతకాలానికి నన్ను నవ్వించావు, నీకు పుణ్యం ఉంటుంది.

నాకు ముప్పైతొమ్మిది. పదో తరగతిలో లెక్కలు తప్పి ఇరవైమూడేళ్ళు. ఆ పుస్తకాలు మా నాయన గొర్రెల కొట్టం చూరులో పెడితే చెదలు తినేశాయి. వాటికైనా చదువు వచ్చిందో లేదో. ఇప్పుడు నాకు డిగ్రీ ఏమిటే?

ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. మా ఆఫీసు చెరువుల ఆఫీసు. చెరువుల్లో నీళ్ళు లేకపోయినా ఫైళ్ళు మాత్రం నిండుగా ఉంటాయి. మీ అన్న పోయాక దయతలచి ఆయన ఆఫీసులోనే నాకు పని ఇచ్చారు. ఆయన గుమాస్తా. నేను అటెండరు. పది తప్పినదానికి ఇంతకన్నా ఇవ్వరట. ఆయన కుర్చీలో ఇప్పుడు కుళ్లాయప్ప అని ఒకాయన కూర్చుంటాడు. మంచివాడే, "అక్కా" అనే పిలుస్తాడు. కానీ ఆ కుర్చీ నీకు గుర్తుందా? కింద అల్లిక తెగిపోతే మీ అన్న ఒక ఆదివారం సైకిలు మీద ఇంటికి తెచ్చాడు. నేను నీలం ప్లాస్టిక్ వైరుతో అల్లాను, నువ్వు ఒక మూల పట్టుకున్నావు. నేను అల్లిన కుర్చీ పక్కన నిలబడి నేనే నీళ్ళ గ్లాసు అందిస్తాను. తర్వాత పోయి తలుపు బయట నా స్టూలు మీద కూర్చుంటాను. బెల్లు కొడితే మళ్ళీ లేస్తాను. ఒకరోజు ఎన్నిసార్లు లేస్తానో చూద్దామని లెక్కపెట్టాను. అరవై దాటాక విసుగొచ్చి మానేశాను.

మా తమ్ముణ్ణి, అదే నీ మొగుణ్ణి, అడిగినానని చెప్పు. వాన ఉందా అక్కడ?

ఈశ్వరి


కంబదూరు,
24 జూలై 1998

వదినా,

వాన లేదు. విత్తనం వేసి మీ తమ్ముడు పొద్దున లేస్తే ఆకాశం, సాయంత్రమైతే ఆకాశం. మెడ పట్టేసిందని నాతో మందు రాయించుకుంటున్నాడు. ఆ సంగతి వదిలేయ్, నా మాట విను.

నువ్వు నవ్వినా సరే నేను ఊరుకోను. ఓపెన్ యూనివర్సిటీ వాళ్ళ పుస్తకం తెప్పించి రెండుసార్లు చదివాను. పది తప్పినవాళ్ళయినా ఒక అర్హత పరీక్ష రాస్తే చాలు, నేరుగా బి.ఏ.లో చేరొచ్చు. ఇంటరు అక్కర్లేదు, పది అక్కర్లేదు. ఆదివారం మాత్రం అనంతపురంలో తరగతులు. నేను పది గట్టెక్కినా ఇంటరు చదవలేదు కాబట్టి నాకూ అదే పరీక్ష. ఇద్దరం రాద్దాం. అంగన్వాడీలో పదేళ్ళుగా పిల్లలకు గుగ్గిళ్ళు పెడుతున్నాను. డిగ్రీ ఉంటే సూపర్‌వైజర్ పోస్టుకు పెట్టుకోవచ్చు. నీకయితే అటెండరు నుంచి గుమాస్తా. అన్న కుర్చీ వదినా! నువ్వు అల్లిన కుర్చీ!

ముందు పది కట్టి పాసవుతానులే అంటావేమో. వద్దు. ఆ లెక్కలతో మళ్ళీ ఎక్కడ తంటాలు పడతావు? మిద్దె మీద నిలబడినదాన్ని మెట్లు ఎక్కినావా అని ఎవరైనా అడుగుతారా? డిగ్రీ ఉన్నదాన్ని పది ఎవరు అడుగుతారు?

మీ తమ్ముడు ఏమన్నాడో చెప్పనా? "అక్క వస్తే పో. ఒక్కదానివే అయితే వద్దు, ఆ బస్టాండులో యాడ కూర్చుంటావు?" అన్నాడు. ఇంక నా చదువు నీ చేతిలో ఉంది. కాదనకు.

సరళ


విడపనకల్లు,
7 నవంబర్ 1999

సరళా,

పోయిన ఆదివారం నువ్వు రాలేదు, పిల్లకు జ్వరమని తెలిసింది. తగ్గిందా? నేను ఒక్కదాన్నే తరగతిలో కూర్చున్నాను. మన పక్క బెంచీ కండక్టరు బాగా నిద్రపోయాడు. ఆసుపత్రిలో పనిచేసే ఆ ముదిగుబ్బ మారెక్క నోట్సు రాస్తూ రాస్తూ తల వాల్చింది. చెప్పే సారు మంచివాడు. "వారమంతా పనిచేసి వచ్చినారు, పండుకోండమ్మా, నేను మెల్లగా చెప్తా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఎంతమందిమి ఉన్నామే మనలాంటి వాళ్ళం! నెత్తిన తెల్ల వెంట్రుకలు, ఒళ్ళో పుస్తకాలు.

బస్టాండులో ఉగ్గాణి ఒక్కదాన్నే తిన్నాను, నీ వాటా మిరపకాయ బజ్జీ కూడా నేనే తిన్నాను.

చరిత్ర పుస్తకం ఆఫీసుకు తీసుకుపోతున్నాను. కుళ్లాయప్ప చూశాడు. మరుసటి రోజు నుంచి దాహమైతే తనే లేచి వచ్చి కుండలో ముంచుకుంటున్నాడు. నా ఎదురుగా నిలబడి తాగి, "చదువుకో అక్కా" అని పోతాడు. నాకు ఏడుపొచ్చింది సరళా. మంచి ఏడుపే.

ఒకటి చెప్తాను, నువ్వు ఎగతాళి చేయకూడదు. ఆ కుర్చీలో కూర్చున్న రోజు పేరు పక్కన బి.ఏ. అని రాసుకుంటాను. డిగ్రీ చేతికి వచ్చినా సరే, అందాకా రాయను.

ఈశ్వరి


కంబదూరు,
19 నవంబర్ 2000

వదినా,

రెండో ఏడు పుస్తకాలు వచ్చాయా? నాకు రాజనీతి ఒకటే వచ్చింది. వేరుశనగ పోయింది, చెట్టుకు నాలుగు కాయలు లేవు. మీ తమ్ముడు మాట్లాడడం తగ్గించాడు. గొర్రెలు మాత్రం ఉన్నాయి, వాటి వెంట పోతాడు.

ఊరికే ఒక మాట అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు. ఆ పది కూడా పనిలో పనిగా ప్రైవేటుగా కట్టరాదా? ఎట్లాగూ చదువు అలవాటైంది కదా. నేను లెక్కలు చెప్తాను. ఊరికే అంటున్నానంతే.

మా మండలాఫీసు బాలప్ప సారును నీ ప్రమోషన్ గురించి కదిలించాను. బాగానే ఉంటుందిలే అన్నాడు. నువ్వు మనసు పెట్టి చదువు.

సరళ


విడపనకల్లు,
3 డిసెంబర్ 2000

సరళా,

నీకేమైనా పిచ్చా? డిగ్రీ రెండో ఏడు చదివేదాన్ని పదో తరగతికి పొమ్మంటావా? మిద్దె మీద నిలబడినదాన్ని మెట్లు ఎవరడుగుతారు అన్నది నువ్వే కదా, మర్చిపోయావా? లెక్కల పేరెత్తితే నేను ఇప్పటికీ ఆమడదూరం పారిపోతాను. ఇంకోసారి ఆ మాట రాశావంటే నీ బజ్జీలే కాదు, నీ ఉగ్గాణి కూడా తినేస్తాను.

బాలప్ప సారు బాగుంటుందన్నాడని రాశావు, ఆ మాట నాకు చాలు. నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాను ఆ రోజు. మీ అన్న పోయాక పొద్దున లేవాలంటే ఎందుకు లేవాలి అనిపించేది. ఇప్పుడు పుస్తకం ఉంది కాబట్టి లేస్తున్నాను. ఇది నీ వల్లే, మనసులో పెట్టుకో.

ఈశ్వరి


విడపనకల్లు,
28 జూలై 2002

సరళా,

పాసయ్యాను! నువ్వూ పాసని తమ్ముడు ఫోను చేయించాడు. నాది మూడో తరగతి మార్కులే, అయితేనేం! కుళ్లాయప్ప ఆఫీసంతా బొరుగులూ పప్పులూ పంచాడు. "మా అక్క బి.ఏ." అని వచ్చినవాళ్ళకల్లా చెప్తున్నాడు.

ఇంకో సంగతి. ఆయనకు బదిలీ వస్తుందట. కుర్చీ ఖాళీ అవుతుంది. నా సర్వీసు రిజిస్టరులో "విద్యార్హత: పది తప్పింది" అని ఉన్నచోట బి.ఏ. అని చేర్చమని అర్జీ పెట్టాను. అది చేరిందంటే ప్రమోషన్ లిస్టులో నా పేరు ఎక్కుతుంది.

మీ అన్న చొక్కా ఒకటి ఇంకా మేకుకు వేలాడుతోంది. దానికి చెప్పాను.

ఈశ్వరి


విడపనకల్లు,
11 సెప్టెంబర్ 2002

సరళకు,

అర్జీ తిరిగొచ్చింది. పది పాసైన కాగితం లేకుండా బి.ఏ. చేర్చరట. డిగ్రీ నిజమైనదేనట, కానీ మా ఉద్యోగానికి పది కావాలట. సూపరింటెండెంట్ సారు రిజిస్టరు తెరిచి చూపించాడు. "ఈడ పది తప్పింది అని ఉండాది. దాని కింద బి.ఏ. అని ఎట్ల రాయాలమ్మా?" అన్నాడు. తప్పు ఆయనది కాదు.

అది నేను ఓర్చుకునేదాన్నే. నిన్న మీ బాలప్ప సారు ఏదో ఫైలు పని మీద ఇక్కడికి వచ్చాడు. నా సంగతి విని, "ఇదేందమ్మా, రెండేండ్ల కిందటే మీ మరదలికి చెప్పింటి కదా, పది లేకుంటే ఆ డిగ్రీ పనికి రాదని" అన్నాడు.

నోరు లేదా నీకు?

ఈశ్వరి


కంబదూరు,
20 సెప్టెంబర్ 2002

వదినా,

చెప్పాడు. నిజమే. 2000లో దీపావళి ముందర చెప్పాడు. నేను నీకు చెప్పలేదు. బాగుంటుందన్నాడని అబద్ధం రాశాను.

నువ్వు అప్పుడప్పుడే మనిషివి అవుతున్నావు. అన్న పోయాక మా ఇంటికి వస్తే గోడకు ఆనుకుని కూర్చునేదానివి, అన్నం పెడితే కలిపి వదిలేసేదానివి. చదువు మొదలయ్యాక బస్టాండులో నాతో బజ్జీల కోసం కొట్లాడావు. ఈ మాట చెప్తే నువ్వు పుస్తకాలు మూటగట్టి అటక మీద పడేస్తావని భయపడ్డాను. అందుకే పది కట్టమని ఊరికే అడిగినట్టు అడిగాను. నువ్వు తిట్టావు. నేను ఊరుకున్నాను.

ఇంతవరకు రాసి ఆపేద్దామనుకున్నాను. కానీ సగం నిజం రాస్తే మళ్ళీ అదే తప్పు. నువ్వు మానేస్తే నా చదువు కూడా ఆగిపోతుంది. "అక్క వస్తే పో" అన్నాడు కదా మీ తమ్ముడు. నువ్వు లేకపోతే నన్ను అనంతపురం పంపడు. నీ తోడు కావాల్సి వచ్చి నోరు మూసుకున్నాను. నా డిగ్రీ పనికొస్తుంది వదినా, నాకు పది ఉంది. నీది పనికిరాదని తెలిసి నీ పక్కనే కూర్చుని రెండేళ్ళు నోట్సు రాసుకున్నాను.

నన్ను ఏమన్నా అను. అనకుండా మాత్రం ఉండకు.

సరళ


కంబదూరు,
16 మార్చి 2003

వదినా,

ఇది నాలుగో జాబు. మూడింటికీ జవాబు లేదు. నువ్వు బాగున్నావని మీ తమ్ముడు ఉరవకొండ సంతలో ఎవరినో అడిగి తెలుసుకుని వచ్చాడు. నాతో మాత్రం "నువ్వు చేసిన పనికి నేనేం చెప్పాల" అన్నాడు. ఆ మాట అని గొర్రెలు తోలుకుని పోయాడు.

నాకు సూపర్‌వైజర్ పోస్టు వచ్చింది. వేరేవాళ్ళ నోట వింటే నీకు ఇంకా బాధ అవుతుందని నేనే చెప్తున్నాను. ఇరవైనాలుగు కేంద్రాలు చూడాలి. బస్సు ఎక్కడం, దిగడం, ఎండలో నడవడం. ఊళ్ళు సగం ఖాళీ, జనం బెంగళూరు పనులకు పోయారు. పిల్లలు లేని కేంద్రాల్లో రిజిస్టర్లు చూసి సంతకం పెడుతున్నాను. సంతోషం లేదు. ఎవరితో చెప్పుకోవాలి, నువ్వు తప్ప?

దీనితో పాటు పదో తరగతి లెక్కల పుస్తకం పంపుతున్నాను. చించి పారేసినా సరే.

సరళ


విడపనకల్లు,
2 జూలై 2003

సరళా,

మూడో పాఠం ఐదో లెక్క రాలేదు. x తీసుకుపోయి అటు పెడితే గుర్తు ఎందుకు మారుతుంది?

ఈశ్వరి


కంబదూరు,
8 జూలై 2003

వదినా, వదినా,

నీ కార్డు పట్టుకుని కంబదూరు బస్టాండులోనే ఏడ్చాను. పక్కన కూర్చున్న ముసలామె "ఎవురు పోయినారమ్మా?" అంది. "పోలేదు అవ్వా, వచ్చినారు" అన్నాను.

లెక్క విను. మధ్యలో ఉన్న సమానం గుర్తును గడప అనుకో. ఇంట్లో ఉన్నంతసేపు వచ్చినవాళ్ళు మనకు ఇచ్చేవాళ్ళు, గడప దాటి పోయేటప్పుడు మన దగ్గర తీసుకునేవాళ్ళు. అందుకే కూడేది అటు పోతే తీసివేసేది అవుతుంది. x అంటే భయం వద్దు. హాజరు పట్టీలో పేరు రాయని పిల్ల అనుకో. మిగతా పిల్లలందరినీ పక్కకు నిలబెడితే ఆ పిల్ల ఎవరో తెలిసిపోతుంది. ఐదో లెక్క వెనకవైపు మొత్తం చేసి పెట్టాను. ఆరు, ఏడు నువ్వు చేసి పంపు, నేను దిద్దుతాను.

కోపం పోయిందా?

సరళ


విడపనకల్లు,
20 జూన్ 2004

సరళా,

ముప్పైఏడు. లెక్కల్లో ముప్పైఏడు మార్కులు! మిగతావన్నీ మామూలుగా పాస్. పాత సిలబస్ పోయిందని అన్నీ మళ్ళీ రాయించారు కదా, తెలుగులో డెబ్బై దాటాయి.

పరీక్ష సంగతి నీకు రాయలేదు, తప్పితే మొహం చూపించలేనని. హాలు గేటు దగ్గర కానిస్టేబులు "తల్లులు లోపలికి రాకూడదు" అని ఆపాడు. హాల్ టికెట్టు చూపిస్తే రెండుసార్లు తిప్పి చూశాడు. నా ముందు బెంచీ పిల్ల వెనక్కి తిరిగి, "అవ్వా, నువ్వు కూడా రాస్తాండావా? భయపడద్దు" అని ఒక పెన్ను ఇచ్చింది. నాకు నలభైఐదు, దానికి అవ్వనైపోయాను. మూడు గంటలు బెంచీకి మోకాళ్ళు తగులుతూనే ఉన్నాయి. గడప గుర్తుపెట్టుకుని ఆ లెక్క ఒకటి చేశాను.

రిజిస్టరులో ఎక్కించారు. ముందు బి.ఏ. 2002, పది పాస్ 2004. సూపరింటెండెంట్ సారు చూసి "కూతురు పుట్టినాక తల్లి పుట్టినట్లుండాదే" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కుళ్లాయప్ప బదిలీ మీద పోయి ఏడాది అయింది, అతని చోటుకు ఎవరూ రాలేదు. కుర్చీ ఖాళీగానే ఉంది. రోజూ దుమ్ము తుడుస్తాను. కూర్చోను. ఆర్డరు రానీ.

కోపం పోయిందా అని ప్రతి జాబులో అడుగుతావు. పోలేదు. దాన్ని మోసుకు తిరిగే ఓపిక మాత్రం లేదు. నువ్వు చెప్పి ఉంటే రెండేళ్ళు ముందే ఈ కాగితం వచ్చేది. నువ్వు చెప్పి ఉంటే నేను మానేసేదాన్ని కూడా. రెండూ నిజమే. దసరాకు వస్తాను, తమ్ముణ్ణి ఇంటి దగ్గర ఉండమను.

ఈశ్వరి


కంబదూరు,
30 జనవరి 2005

వదినా,

ఆర్డరు వచ్చిందా? దసరాకు నువ్వు వచ్చి పోయినప్పటి నుంచి మీ తమ్ముడు రోజూ అడుగుతున్నాడు. "మా అక్క కుర్చీలో కూర్చున్న రోజు విడపనకల్లుకు పోయి చూసి రావాల" అని తెల్ల పంచె ఉతికించి పెట్టుకున్నాడు. కేంద్రాల వెంట తిరిగి కాళ్ళు పగిలి నడవలేకపోతున్నాను, అయినా నేను కూడా వస్తాను. ఒక్క కార్డు ముక్క రాయి, చాలు.

సరళ


విడపనకల్లు,
19 ఫిబ్రవరి 2005

సరళా,

వచ్చింది. మనం అనుకున్న ఆర్డరు కాదు.

మా ఆఫీసులో ఖాళీగా ఉన్న ఆ గుమాస్తా పోస్టు ఇంక లేదట, తీసేశారట. కంప్యూటరు వస్తుంది, ఒక్క గుమాస్తా చాలట. ప్రమోషన్ లిస్టులో నా పేరు ఉంది, మొదటి పేరే. పోవడానికి చోటు లేదు. మళ్ళీ ఎక్కడైనా ఖాళీ వస్తే చూస్తారట, ఎప్పుడో తెలియదు. సూపరింటెండెంట్ సారు నన్ను లోపలికి పిలిచి కాగితం ఆయనే చదివాడు. చదివి, "నేను రెండుసార్లు రాసినానమ్మా పైకి" అన్నాడు. రాసే ఉంటాడు. ఏడుస్తానేమో అనుకున్నాను, ఏడుపు రాలేదు. ఆ ఆదివారాల బస్సులన్నీ ఒక్కసారి దిగినట్టు కాళ్ళు లాగేశాయి, గోడ పట్టుకుని నిలబడ్డాను.

పొద్దున ఆ మూల ఖాళీ చేయమన్నారు, కంప్యూటరు బల్ల వేయాలని. "ఆ పాత కుర్చీ స్టోరులో పడేయ్ ఈశ్వరమ్మా" అన్నాడు సారు. మోసే పని నాదే కదా, ఎత్తుకున్నాను. వైరు నీలం వెలిసిపోయింది, ఒక్క ముడి ఊడలేదు. నువ్వు పట్టుకున్న మూల మాత్రం కొంచెం వదులుగా ఉంది. ఆ రోజు మాటల్లో పడి గట్టిగా లాగలేదు నువ్వు.

స్టోరుకు వరండాలోంచే పోవాలి. నా స్టూలు దగ్గరికి వచ్చేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. కుర్చీ అక్కడ దించాను. స్టూలు తీసుకుపోయి స్టోరులో పెట్టి తలుపు వేశాను. వెనక్కి వచ్చి కుర్చీ తలుపు పక్కన సర్దుకుని కూర్చున్నాను.

అర్జీలు పట్టుకుని రైతులు వచ్చారు, పోయారు. ఒకాయన నన్ను గుమాస్తా అనుకుని కాగితం నా చేతికే ఇచ్చాడు. చదివి, ఏ సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పాను. సారు బయటికి వచ్చాడు, కుర్చీని చూశాడు, నన్ను చూశాడు. మళ్ళీ లోపలికి పోయాడు. కాసేపటికి బెల్లు కొట్టాడు. ఎనిమిదేళ్ళ అలవాటు, మోకాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. చేతులు రెండూ కుర్చీ చేతుల మీద అదిమిపెట్టుకుని కూర్చున్నాను.

రెండో బెల్లుకు లేచాను, నీళ్ళు ఇచ్చాను, వచ్చి మళ్ళీ అందులోనే కూర్చున్నాను. ఈ జాబు అందులో కూర్చునే రాస్తున్నాను. తమ్ముణ్ణి ఆ తెల్ల పంచె కట్టుకుని రమ్మను.

ఈశ్వరి, బి.ఏ.